పెన్‌డ్రైవ్‌లో మూలుగుతున్న పాఠాలు

కిందటిసారి ఈ శీర్షికలో మాటవరసకు ఒక ముక్క అన్నాను. సోషల్ వర్క్ చెప్పే ప్రతి టీచరు దగ్గరా ఏళ్ల తరబడి తయారుచేసుకున్న కేస్ స్టడీలు, రోల్ ప్లే వీడియోలు, నోట్సులు పెన్‌డ్రైవ్‌లో మూలుగుతున్నాయి, వాటిని బయటికి తీసి పంచుకుంటే ఇంకో కాలేజీ టీచరు మళ్లీ అ ఆల నుంచి మొదలుపెట్టక్కర్లేదు కదా అని. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఎలా పంచుకోవాలని కొందరు అడిగారు, అసలెందుకు పంచుకోవాలని కొందరు నిలదీశారు, ఒకరైతే "మీరు చెప్పినంత తేలిక కాదు, నేను చేసి చూశాను" అని మొట్టికాయ వేశారు. ఆ మొట్టికాయతోనే మొదలుపెడదాం.

ప్రశ్న: ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్ పీజీ) విద్యార్థులకు కేస్ వర్క్, అంటే సాయం కోసం వచ్చిన మనిషితో, క్లయింట్‌తో, విడిగా పనిచేసే పద్ధతి చెబుతాను. సెమిస్టర్ మొత్తానికీ చేసుకున్న 420 స్లైడ్లు ఒక ఉచిత సైట్‌లో పెట్టాను. ఏడాది దాటింది. మెచ్చుకున్నవాళ్లు ఉన్నారు గానీ తమ క్లాసులో వాడామన్నవాళ్లు ఒక్కరూ లేరు. తప్పెక్కడ జరిగిందంటారు?

జవాబు: అమ్మా, 420 స్లైడ్లు ఒకే ఫైల్‌గా ఉంటే ఎవరు తెరుస్తారు చెప్పండి. నేనైతే తెరవను. ఇంకో టీచరుకి తన సిలబస్ తనకుంటుంది, తన వరస తనకుంటుంది. రేపు పొద్దున తొమ్మిదింటి క్లాసుకి ఆవిడకి కావాల్సింది 'క్లయింట్ ఉన్నట్టుండి మౌనంగా అయిపోతే ఏం చేయాలి' అన్నదానికి ఒక మూడు నిమిషాల ముక్క. అది మీ 420లో ఎక్కడో 217వ స్లైడ్ దగ్గర ఉండే ఉంటుంది, కానీ ఆవిడ అంతదూరం రాదు. పైగా స్లైడ్లకి ఇంకో జబ్బు ఉంది. స్లైడ్ మీద 'సహానుభూతి: 4 మెట్లు' అని ఉంటుంది, ఆ నాలుగు మెట్లూ మాత్రం మీ నోట్లో ఉంటాయి. మీరు పక్కన లేకుండా స్లైడ్ మాట్లాడదు.

ఇది మీ ఒక్కరి సమస్య కాదు, పాఠాల్ని ముక్కలుగా చేసి పంచుకోవాలన్న ఆలోచన పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. 1990లలో వేన్ హాడ్జిన్స్ అనే ఆయన పాఠాలను లెగో ఇటుకల్లాంటి చిన్న చిన్న ముక్కలుగా చేయవచ్చని, ఏ ముక్కనైనా ఏ ముక్కకైనా అతికించుకోవచ్చని అన్నారు. చాలామందికి ఆ పోలిక తెగ నచ్చింది. కొన్నాళ్లకే డేవిడ్ వైలీ అనే ఆయన ఆగండాగండి అన్నారు, పాఠాలు లెగో ఇటుకలు కావు, పరమాణువుల్లాంటివి, ప్రతిదీ ప్రతిదానితో కలవదు, కలపడం తెలిసినవాళ్లు కలపాలి అని. దాంతోపాటు ఒక చిక్కుముడి కూడా చూపించారు. పాఠానికి సందర్భం ఎంత బాగా కుదిరిస్తే ఆ ఒక్క క్లాసులో అది అంత బాగా పనిచేస్తుంది, కానీ వేరే క్లాసుకు అంత పనికిరాకుండా పోతుంది. సందర్భం మొత్తం తీసేస్తే ఎక్కడైనా పెట్టుకోవచ్చు, కాకపోతే అందులో నేర్చుకోవడానికి ఏమీ మిగలదు.

సోషల్ వర్క్‌లో ఈ చిక్కుముడి ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చెబుతాను. రెండు నిమిషాల రోల్ ప్లే వీడియో ఒకటి అనుకోండి. సోషల్ వర్కర్ ఒక పెద్దావిడని "ఎలా ఉన్నారమ్మా, రాత్రి నిద్ర పడుతోందా?" అని అడుగుతుంది. ఆవిడ నోరు తెరిచేలోపే పక్కన కూర్చున్న కొడుకు "బానే ఉంటుందండీ, బానే పడుకుంటుంది" అంటాడు. అడిగిన ప్రతిదానికీ అంతే. ఆవిడ చేతులు ఒళ్లో ముడుచుకుని కింద చూస్తూ ఉంటుంది. ఇంతే వీడియో. దీన్ని ఇంటర్వ్యూ మెళకువల క్లాసులో వాడొచ్చు, కుటుంబ సంబంధాల క్లాసులో వాడొచ్చు, ఆవిడతో విడిగా మాట్లాడతానని కొడుక్కి ఎలా చెప్పాలి అని ప్రాక్టీస్ చేయించొచ్చు, నైతిక సూత్రాల క్లాసులో 'ఇక్కడ మీ క్లయింట్ ఎవరు?' అని అడిగి గంటసేపు గొడవ పెట్టొచ్చు. ఇప్పుడు మీరు అదే వీడియో మొదట్లో 'వృద్ధులపై వేధింపులు, యూనిట్ 3' అని పెద్ద అక్షరాలతో టైటిల్ వేసి, చివర్లో 'గమనించారా, ఇవి వేధింపుల లక్షణాలు' అని గొంతు కలిపారనుకోండి. మిగతా క్లాసులన్నీ పోయాయి. అసలు ఆ కొడుకు వేధించేవాడో, అమ్మ గురించి బెంగతో ఆగలేక మాట్లాడేవాడో అన్న అనుమానమే ఆ వీడియోకి ప్రాణం. దాన్ని మీరే తీసేశారు.

కాబట్టి వీడియో వీడియోగా ఉండనివ్వండి, మీ పాఠం మాత్రం పక్కన విడిగా ఒక కాగితం మీద పెట్టండి. 'నేను దీన్ని ఈ క్లాసులో ఇలా వాడాను, విద్యార్థులు ఇక్కడ ఇరుక్కున్నారు, ఈ ప్రశ్న అడిగితే చర్చ లేచింది, ఈ ప్రశ్న చప్పబడింది' అని. ఒక పేజీ చాలు. నన్నడిగితే వీడియో కన్నా ఆ పేజీయే అపురూపం, ఎందుకంటే వీడియోలు ఇంకెక్కడైనా దొరుకుతాయి గానీ చప్పబడిన ప్రశ్న గురించి ఎవరూ రాయరు. ఆ 420 నుంచి మీ విద్యార్థులు ఏళ్లు గడిచాక కూడా గుర్తు చేసే ముక్కలు ఒక పది ఏరండి. ఒక జీనోగ్రామ్ (కుటుంబ సంబంధాల పటం), ఒక హోమ్ విజిట్ కేసు, సూపర్‌వైజర్ వ్యాఖ్యలతో ఉన్న ఒక ప్రాసెస్ రికార్డింగ్ (ఎవరేమన్నారో మాటమాటా రాసుకున్న) పేజీ, అలాంటివి. మిగతావి ఇంట్లోనే ఉండనివ్వండి.

ప్రశ్న: నా పాఠాన్ని ఇతరులు ఎలా వాడుకోవచ్చో ముందే చెప్పేసే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ పెట్టమంటున్నారు. అందులో నాలుగైదు రకాలున్నాయట. ఏది పెడితే సేఫ్?

జవాబు: ఆరు రకాలు. మొదటి లైసెన్సులు 2002 డిసెంబరులో వచ్చాయి, ఇప్పుడు నడుస్తున్నది 2013లో వచ్చిన నాలుగో వెర్షన్. 'సేఫ్' అని అడిగారు కాబట్టి మీ మనసులో ఉన్నది నేను ఊహించగలను, అన్నిటికన్నా బిగుతుగా ఉన్నది పెడదామని. మన చదువులో అదే పొరపాటు. 'నో డెరివేటివ్స్' అని ఒకటుంది, అంటే మీ ముక్కని యథాతథంగా ఇవ్వొచ్చు గానీ మార్చినది పంచుకోకూడదు. అనువాదం కూడా మార్పు కిందే లెక్క. మీ కేసును వేరే భాషలోకి తెచ్చి, అక్కడి చట్టానికి తగ్గట్టు రెండు వాక్యాలు మార్చి తోటి టీచర్లకు ఇద్దామనుకున్న ఆవిడ ఇక్కడే ఆగిపోతుంది. సోషల్ వర్క్‌లో మార్చకుండా వాడగలిగే పాఠం ఎన్ని ఉంటాయి? తలుపు తీసి గొలుసు పెట్టినట్టే.

'నాన్ కమర్షియల్' అన్నది వినడానికి బాగుంటుంది, నా పాఠంతో ఎవరో డబ్బు చేసుకోకూడదు అన్నది న్యాయమే. కానీ ఒక స్వచ్ఛంద సంస్థ నామమాత్రపు ఫీజు తీసుకుని కార్యకర్తలకు ట్రైనింగ్ ఇస్తే అది కమర్షియలా కాదా అని వాళ్లు తలపట్టుకుంటారు, చివరికి టెన్షన్ ఎందుకని వదిలేస్తారు. నా మటుకు నేను మామూలు 'బై' లైసెన్స్ పెడతాను, అంటే నా పేరు చెప్పి ఏమైనా చేసుకోవచ్చు. మార్చినవాళ్లు కూడా అలాగే పంచాలన్న పట్టుదల ఉంటే 'షేర్ అలైక్' పెట్టుకోండి.

రెండు సంగతులు మాత్రం పెట్టేముందే చూసుకోవాలి. ఒకటి, ఆ పాఠం మీదేనా? ఉద్యోగంలో భాగంగా చేసినది సంస్థకే చెందుతుందని చాలాచోట్ల నియామక పత్రంలోనో నిబంధనల్లోనో ఉంటుంది, అడిగి రాతపూర్వకంగా తెచ్చుకోండి. స్లైడ్లలో ఎప్పుడో నెట్ నుంచి దించుకున్న ఫోటోలుంటే వాటికి మీరు లైసెన్స్ ఇవ్వలేరు, తీసేయండి. రెండోది, ఈ లైసెన్సును వెనక్కి తీసుకోవడం కుదరదు. మీరు రేపు మనసు మార్చుకుని సైట్ నుంచి తీసేయొచ్చు గానీ ఈలోగా దించుకున్నవాళ్లు షరతులు పాటించినంతకాలం వాడుకుంటూనే ఉండొచ్చు. ఈ రెండో సంగతి గుర్తు పెట్టుకోండి, కింది ఉత్తరంలో దీనితోనే పని.

ప్రశ్న: నేను ఫీల్డ్ సూపర్‌వైజర్‌ని. ఒక క్లయింట్‌తో నేను చేసిన నలభై నిమిషాల ఇంటర్వ్యూ రికార్డింగ్ నా దగ్గరుంది. విద్యార్థులకు అంతకన్నా మంచి పాఠం దొరకదు. 'శిక్షణ కోసం వాడుకోవచ్చు' అని ఆవిడ సంతకం చేశారు. ముఖం బ్లర్ చేసి, పేరు తీసేసి, ఓపెన్ లైసెన్స్‌తో నెట్‌లో పెడదామనుకుంటున్నాను. సరేనా?

జవాబు: వద్దండి. దయచేసి పెట్టకండి.

అంత మంచి రికార్డింగ్ అయ్యుండి కూడా వద్దంటున్నానంటే కారణం చెప్పాలి కదా. ఆవిడ సంతకం చేసినప్పుడు ఆవిడ కళ్లముందున్నది ఏమిటి? ఒక గది, ముప్పై మంది పిల్లలు, మీరు. 'శిక్షణ' అంటే ఆవిడకి అర్థమైంది అదే. ఏ దేశంలోనైనా, ఎవరైనా, ఎన్నేళ్లయినా చూడగలిగేలా, కోసి అతికించి ఇంకేదో చేయగలిగేలా పెడతామని ఆ కాగితం చెప్పలేదు. ఇంకోటి, చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. ఆవిడకి రావాల్సిన సాయం మీ చేతిమీదుగా రావాలి. అలాంటి మనిషి మీ మొహం మీద 'ఒద్దు' అనగలదా? మొహమాటంతోనో భయంతోనో పెట్టిన సంతకాన్ని అనుమతి అనుకునే అలవాటు మనందరికీ ఉంది, నాకూ ఉండేది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇది. క్లయింట్ ఇచ్చే అనుమతి ఎప్పుడైనా వెనక్కి తీసుకోగలిగేదై ఉండాలి, మన వృత్తిలో అది పునాది. ఓపెన్ లైసెన్సేమో వెనక్కి తీసుకోలేనిది. ఈ రెండింటినీ ఒకే ఫైల్ మీద ఎలా పెడతారు? మూడేళ్ల తర్వాత ఆవిడ మళ్లీ పెళ్లి చేసుకుని, కొత్త జీవితం మొదలుపెట్టి, 'ఆ వీడియో తీసేయండి' అని అడిగితే మీ దగ్గర జవాబు లేదు. క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కాపీరైట్ గురించి మాత్రమే మాట్లాడుతుంది. వీడియోలో ఉన్న మనిషి గోప్యత దాని పరిధిలోకి రాదు, ఆ సంగతి లైసెన్స్‌లోనే రాసి ఉంటుంది. అంతర్జాతీయ సోషల్ వర్కర్ల సమాఖ్య, సోషల్ వర్క్ విద్యాసంస్థల అంతర్జాతీయ సంఘం 2018లో ఆమోదించిన నైతిక సూత్రాల్లో గోప్యత ఒక సూత్రం, టెక్నాలజీని, సోషల్ మీడియాను నైతికంగా వాడటం విడిగా ఇంకో సూత్రం. ఆ రెండూ ఎదురుపడేది సరిగ్గా మీరు అప్‌లోడ్ నొక్కే చోటే.

ముఖం బ్లర్ చేశాం కదా అంటారు. గొంతు? మాటతీరు? ఇంట్లో ఎంతమంది, పెద్దబ్బాయికి ఏం జబ్బు, భర్త ఏం పని చేసేవాడు, ఇవన్నీ? లతాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు 2000లో ఒక లెక్క తేల్చారు. పుట్టినతేదీ, ఆడామగా, పోస్టల్ కోడ్, ఈ మూడే తెలిస్తే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తించవచ్చని. అందులో పేరు లేదు, ముఖం లేదు. మన కేస్ స్టడీలో అంతకు పదింతలు వివరాలుంటాయి.

నా సంగతే చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కేసు తయారుచేశాను, పేరు మార్చాను, ఊరు మార్చాను, వయసు మూడేళ్లు పెంచాను, ఇంకేం ఉంది అనుకున్నాను. క్లాసులో పంచి చర్చ పెట్టాను, చర్చ అదిరిపోయింది. అయిపోయాక ఒక అమ్మాయి అందరూ వెళ్లేదాకా ఆగి, నా టేబుల్ దగ్గరికొచ్చి, "మేడమ్, ఇది మా పిన్ని కదా" అంది. ఆ పిల్ల ఏడవలేదు, కోప్పడలేదు. అలా అని కాగితం టేబుల్ మీద పెట్టేసి వెళ్లిపోయింది. పిన్నిని పట్టించినది పేరు కాదు, ఆవిడ రోజూ సాయంత్రం తలుపు గడియ మూడుసార్లు చూసుకుంటుందని నేను రాసిన ఒక్క వాక్యం. అది కేసుకి అందం తెచ్చిందని మురిసిపోయి ఉంచుకున్న వాక్యం. అది ముప్పై ఫోటోకాపీలు కాబట్టి సాయంత్రానికి వెనక్కి తెచ్చి చింపేయగలిగాను. నెట్‌లో ఉంటే?

మరి ఏం చేయాలి? ఆ రికార్డింగ్‌ను మీ సంస్థలోనే, లాగిన్ ఉన్నచోట, ఆవిడ ఒప్పుకున్న మేరకే వాడండి, ఒప్పుకున్న గడువు అయ్యాక తీసేయండి. బయటికి పెట్టాలంటే అందులో మీకు నచ్చిన ఘట్టం ఏమిటో పట్టుకోండి. ఆవిడ ఒక ప్రశ్నకి జవాబు చెప్పకుండా మాట మార్చిన చోటా, మీరు తప్పు ప్రశ్న వేసి మళ్లీ సర్దుకున్న చోటా? ఆ ఘట్టాన్ని మాత్రం తీసుకుని, ఐదారు వేర్వేరు కేసుల నుంచి వివరాలు కలిపి కొత్త మనిషిని సృష్టించి, నటించగలిగినవాళ్లతో మళ్లీ తీయండి. నటులే అక్కర్లేదు, సహోద్యోగులు చాలు, కాస్త బిగుసుకుపోయి నటించినా పర్వాలేదు. వాళ్ల దగ్గర కూడా అనుమతి కాగితం తీసుకోండి, ఆ కాగితంలో 'నెట్‌లో, అందరికీ, వెనక్కి తీసుకోలేని విధంగా' అన్న మాటలు స్పష్టంగా ఉండాలి.

ఇంకో దారి ఉంది, నాకు అదే ఇష్టం. సేవలు పొంది బయటపడి, ఇప్పుడు తమ కథ తామే చెప్పాలనుకునేవాళ్లు ఉంటారు. వాళ్లని 'కేసు'గా కాకుండా పాఠం రాసే మనిషిగా పిలవండి. ఏది చెప్పాలి, ఏది కోయాలి అన్నది వాళ్ల చేతిలో ఉండాలి, పేరు వేయాలా వద్దా అన్నదీ వాళ్లే తేల్చాలి, ఆ శ్రమకు డబ్బు ఇవ్వాలి. ఇలా చేసిన ఆడియో ఒకటి విన్నాను. సోషల్ వర్కర్ తన ఇంటికొచ్చిన మొదటిరోజు చెప్పులు ఎక్కడ విప్పిందో ఆవిడకి గుర్తుంది, ఏం మాట్లాడిందో గుర్తులేదు. ఈ ముక్క ఏ టెక్స్ట్ బుక్కులో దొరుకుతుంది?

ఫైళ్లలో దాక్కునే వాటి గురించి కూడా ఒక మాట, ఎందుకంటే ఇక్కడ చాలామంది జారిపడతారు. ఫోన్‌తో తీసిన ఫోటోలో తీసిన చోటు వివరం దాగి ఉండొచ్చు. స్లైడ్‌లో ఫోటోని క్రాప్ చేస్తే కోసిన భాగం మామూలుగా ఫైల్‌లోనే ఉంటుంది, వెనక్కి లాగితే మొత్తం బయటపడుతుంది. స్లైడ్ కింద నోట్స్‌లో మీరు మీకోసం రాసుకున్న అసలు పేరు అలాగే ఉండిపోతుంది. ఫైల్ పేరే 'లక్ష్మి హోమ్ విజిట్ ఫైనల్' అని ఉంటే ఇక లోపల ఎంత మార్చి ఏం లాభం.

ప్రశ్న: ఏ సాఫ్ట్‌వేర్‌లో చేస్తే ఎక్కువకాలం ఉంటుంది? పదిహేనేళ్ల కింద ఎంతో కష్టపడి చేసిన ఇంటరాక్టివ్ పాఠం ఇప్పుడు తెరుచుకోవడం లేదు.

జవాబు: అడోబీ వాళ్ల పాత సాఫ్ట్‌వేర్ ఫ్లాష్‌లో చేసి ఉంటారు. మీకు తోడు చాలామంది ఉన్నారు. 2000ల్లో చేసిన ఇంటరాక్టివ్ పాఠాలు చాలావరకు ఫ్లాష్‌లోనే ఉండేవి, 2020 డిసెంబరు 31తో దానికి అడోబీ మద్దతు ఆపేసింది, ఆ తర్వాత బ్రౌజర్లు తెరవడం మానేశాయి. కేసులో తప్పు లేదు, బోధనలో తప్పు లేదు, డబ్బా పోయింది, అంతే. అందుకే ఏ సాఫ్ట్‌వేర్ అన్నదానికన్నా, విడి సరుకు దాచారా లేదా అన్నది ముఖ్యం. కథ మామూలు టెక్స్ట్‌గా, వీడియో విడి ఫైల్‌గా, ప్రశ్నలు విడిగా, ఎవరు ఏమంటే ఎటు వెళ్లాలన్న పటం ఒక కాగితంగా. ఇవి ఉంటే మళ్లీ కట్టుకోవచ్చు. ఇప్పటికైతే ఇంటరాక్టివ్ పాఠాలు కట్టుకునే హెచ్‌5పీ బాగుంది, ఉచితం, ఆన్‌లైన్ క్లాసులు నడిపే మూడ్ల్ లాంటి వాటిలో ఇమిడిపోతుంది, అందులో 'బ్రాంచింగ్ సినారియో' అని ఉంటుంది. హోమ్ విజిట్‌లో తలుపు తీయకపోతే ఏం చేస్తారు, తీసినవాళ్లు తాగి ఉంటే ఏం చేస్తారు అని దారులు చీల్చుకుంటూ పోవచ్చు. ఇంకో టీచరు మీ ఫైల్ దించుకుని ఒక దారి మార్చుకోవచ్చు కూడా, మన పనికి కావాల్సింది అదే.

ఒక్క చోటే పెట్టకండి. బ్రిటన్‌లో జోరమ్ అని ఉన్నత విద్య పాఠాల కోసం దేశం మొత్తానికీ ఒక నిల్వశాల ఉండేది, ప్రభుత్వ డబ్బుతో నడిచింది, 2016లో మూసేశారు. అంతటిదే మూతపడింది. రెండు చోట్ల పెట్టి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. వీడియోకి సబ్‌టైటిల్స్, మాటల ప్రతి తప్పకుండా ఇవ్వండి. వినపడని విద్యార్థికి అవసరం, అనువదించేవాళ్లకి సగం పని తగ్గుతుంది, వెతికేవాళ్లకి దొరుకుతుంది.

ప్రశ్న: వేరే దేశాల వాళ్లు చేసిన పాఠాలు ఉచితంగా బోలెడు దొరుకుతున్నాయి. కానీ వాళ్ల చట్టం వేరు, వ్యవస్థ వేరు. మన విద్యార్థులకు వాటిని పెడితే లాభం ఉందా, లేక గందరగోళమే ఎక్కువా?

జవాబు: రెండూ ఉన్నాయి. ఏది దాటి వస్తుంది, ఏది రాదు అని ముందే చూసుకుంటే గందరగోళం తగ్గుతుంది. మౌనం, వినడం, కోపంగా ఉన్న మనిషి ఎదుట కూర్చోవడం, సూపర్‌విజన్‌లో తన తప్పు ఒప్పుకోవడం, నైతికమైన ఇరకాటాలు, ఇవి దాదాపు ఎక్కడివైనా పనికొస్తాయి. పిల్లల సంరక్షణ కేసుల్లో ఎవరికి ఎప్పుడు రిపోర్టు చేయాలి, ఎన్ని రోజుల్లో, ఏ ఫారం మీద, బిడ్డను ఇంటి నుంచి తీసుకెళ్లే అధికారం ఎవరికుంది అన్నవి అస్సలు రావు. ప్రమాదం ఏమిటంటే, పరాయి వీడియో చూసిన విద్యార్థి 'ఇలాంటప్పుడు సోషల్ వర్కర్ పోలీసుల్ని తీసుకుని వెళ్తుంది' అని మనసులో పెట్టుకుని, ఫీల్డ్‌లోకి వెళ్లాక తనకు లేని అధికారం ఉందనుకుంటాడు. అందుకే మీరు చేసే పాఠంలో కూడా చట్టం ముక్కను కథలో కలిపేయకండి, విడి పేజీలో పెట్టి పైన దేశం, సంవత్సరం రాయండి. చట్టం మారితే ఆ పేజీ ఒక్కటే మారుతుంది, తీసుకునేవాళ్లు ఆ పేజీ చింపి తమది పెట్టుకుంటారు.

అనువాదం గురించి ఒక ముచ్చట. ఇంగ్లిష్ పాఠాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు మాటలు మార్చడం తేలికే, మర్యాదలు మార్చడమే కష్టం. అక్కడ సోషల్ వర్కర్ డెబ్బై ఏళ్లాయన్ని పేరు పెట్టి పిలుస్తుంది, మనం అలాగే అనువదిస్తే విద్యార్థి ఆ ఒక్క పిలుపు దగ్గరే ఆగిపోతాడు, మిగతా పాఠం చెవికెక్కదు. 'మీకు ఎలా అనిపించింది?' అని వాళ్లు అడిగే ప్రశ్నను ఉన్నదున్నట్టు మనవాళ్లని అడిగితే 'ఏముంది, అలాగే ఉంది' అన్న జవాబు వస్తుంది. ఆ జవాబునే కొత్త పాఠంగా చేసి వెనక్కి పంచుకోండి, వాళ్లకీ అది కొత్తే. 2019 నవంబరులో యునెస్కో సభ్యదేశాలు ఈ ఉచిత విద్యా వనరుల మీద ఒక సిఫార్సు ఆమోదించాయి, అందులో భాషల వైవిధ్యం గురించి కూడా ఉంది. కాగితం మీద ఉంది. పని మాత్రం ఇలాంటి చిన్న మార్పులు కూర్చుని చేసేవాళ్ల వల్లే జరుగుతుంది.

ప్రశ్న: రాత్రుళ్లు మేలుకుని చేసిన పాఠం ఊరికే ఎందుకివ్వాలి? ప్రమోషన్‌లో లెక్కలోకి రాదు, పైగా తప్పులు వెతికేవాళ్లు రెడీగా ఉంటారు.

జవాబు: లెక్కలోకి రాదన్న మాట చాలాచోట్ల నిజమే, దానికి నా దగ్గర తియ్యటి జవాబు లేదు. ఎం.ఐ.టి. 2001లో తన కోర్సుల సామగ్రి అందరికీ ఉచితంగా ఇస్తానని ప్రకటించినప్పుడు దాని వెనక ఒక పెద్ద సంస్థ, డబ్బు, మనుషులు ఉన్నారు. మీ వెనక మీరొక్కరే ఉన్నారు. కనీసం పరిశోధకులు తమ ఫైళ్లు దాచుకునే జెనోడో లాంటి సైట్‌లో పెడితే మీ పాఠానికి డీఓఐ నంబరు (మారని చిరునామా లాంటిది) వస్తుంది, బయోడేటాలో రాసుకోవచ్చు, వాడినవాళ్లు మీ పేరు ఉదహరించవచ్చు. అది సున్నా కన్నా నయం. ఇక తప్పుల సంగతి, ఆ భయమే అసలు కారణమని నా అనుమానం. ప్రమోషన్ రాదు కాబట్టి పంచుకోను అనేవాళ్లలో సగం మంది, పక్కవాళ్లు చూసి నవ్వుతారేమో అని పంచుకోనివాళ్లే. నా పాఠంలో ఒకసారి ఎవరో తప్పు పట్టుకున్నారు, రెండ్రోజులు అన్నం సహించలేదు, మూడోరోజు దిద్దుకున్నాను. అంతకుముందు ఆరేళ్లు అదే తప్పు పిల్లలకు చెప్పానని తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఊరికే ఇవ్వడం ఇష్టం లేకపోతే ఇచ్చిపుచ్చుకోవడంగా మొదలుపెట్టండి. ఒకే సబ్జెక్టు చెప్పే నలుగురు టీచర్లు, ఒక్కొక్కరూ సెమిస్టర్‌కి రెండు ముక్కలు. ఒకరిది ఒకరు తమ క్లాసులో వాడి, ఏమైందో చెప్పుకోండి. ముఖం తెలిసినవాళ్ల మధ్య నలిగిన పాఠం తర్వాత బయటికి వెళ్తే ధైర్యంగా వెళ్తుంది.

ప్రశ్న: కేస్ స్టడీలు ఏఐతో రాయించుకుంటే గోప్యత గొడవే ఉండదు కదా?

జవాబు: ఆ గొడవ తగ్గుతుంది, వేరేది వస్తుంది. నేను రాయించి చూశాను. ప్రతి కేసులోనూ తాగుబోతు భర్త, మౌనంగా భరించే భార్య, మూడో పేరాలో సోషల్ వర్కర్ రావడం, చివరికి అందరూ కౌన్సెలింగ్‌కి ఒప్పుకోవడం. నిజం మనుషులు అంత త్వరగా ఒప్పుకోరు. ఎముకల గూడు కోసం వాడుకోండి, కండ మీరు పెట్టండి. అసలు క్లయింట్ వివరాలు మాత్రం అందులో టైప్ చేసి 'దీన్ని మార్చి రాయి' అనకండి, అలా చేస్తే మీరు దాచాలనుకున్నదే వేరేవాళ్ల కంప్యూటర్‌కి పంపినట్టు.

ప్రశ్న: నేను రెండో సంవత్సరం విద్యార్థిని. నా ఫీల్డ్ వర్క్ డైరీ చాలా బాగా వచ్చిందని మా మేడమ్ అన్నారు. జూనియర్లకు పనికొస్తుందని నెట్‌లో పెట్టొచ్చా?

జవాబు: డైరీ వద్దమ్మా. అందులో నువ్వు ఒక్కదానివే లేవు, నిన్ను నమ్మి తలుపు తీసిన ఇళ్లన్నీ ఉన్నాయి. ఆ డైరీ నుంచి నువ్వు తడబడిన మూడు సందర్భాలు తీసుకో. నువ్వేం అన్నావు, ఏం అనాల్సింది, మీ సూపర్‌వైజర్ ఏమన్నారు. అవతలి మనిషి గురించి ఎంత తక్కువ రాస్తే అంత మంచిది, నీ గురించే రాయి. రాసింది మీ మేడమ్‌కి చూపించి, ఆవిడ సరే అన్నాకే బయటపెట్టు. ముందు నాకొకసారి పంపితే పెన్సిల్ పట్టుకుని చదువుతాను.